సెర్వా అతికించిన పోస్టరు

కుమాసీలో ఎవరు పోయినా ముందు సెర్వా కొట్టుకే కబురొస్తుంది. చావు పోస్టర్లు వేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. పండుముసలి పోతే పైన ‘పిలుపు వచ్చింది’ అని, పడుచువాడు పోతే ‘ఎంత ఘోరం!’ అని ఎర్రక్షరాలు. గోడకెక్కిన పోస్టరును మావాళ్లెవరూ చించరు. చించితే చచ్చినవాళ్లకు కోపమొస్తుందని భయం. వానకు తడిసి అదే రాలిపోవాలి.

ఆ మధ్య ఆమె కంప్యూటరు ఉన్నట్టుండి అంబులెన్సులా కూత పెట్టింది. తెరంతా ఎరుపు. ‘వైరస్! వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి!’ కంగారులో చేసింది. వచ్చినవాడు ఓఫోసు. ఇస్త్రీ చొక్కా, గుప్పుమనే సెంటు, మాటకు ముందొక ‘అక్కా’. ఏదో యాంటీవైరస్ ఎక్కించి డబ్బు పట్టుకుపోయాడు. తెల్లారేసరికి ఫొటోలన్నింటికీ తాళం పడింది.

వాటిలో సెర్వా తల్లి ఫొటో ఉంది. ఆమెకున్నది అదొక్కటే, కాగితం ప్రతిని చెద ఎప్పుడో తినేసింది. తల్లి సంవత్సరీకం దగ్గరికొచ్చింది. ఊరందరి అమ్మలనూ గోడలకెక్కించిన మనిషికి సొంత అమ్మ ముఖం లేకుండా పోయింది.

ఫోన్ చేస్తే ఓఫోసు తాపీగా అన్నాడు: “పెద్ద మందు వెయ్యాలక్కా. దానికి వేరే ఖర్చవుద్ది.”

అప్పుడు ఆ యాంటీవైరస్ పేరు ఫోనులో వెతికింది. అన్నీ మోసపోయినవాళ్ల శాపనార్థాలే. “అసలైనదయితే కేకలేసి మరీ ఫోన్ చెయ్యమంటుందా? నా బుద్ధి గడ్డి తింది!” అని నెత్తి కొట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దాంతో నాకు భయమేసింది.

“పోలీసుల దగ్గరికెళ్దామే,” అన్నాను. ఆమె పక్క కొట్లో, చావులకు వెళ్లేవాళ్లు వేసుకునే నల్లబట్టలు కుట్టేది నేనే.

“వాడి సంగతి నేను చూస్తా. నువ్వు నీ గుడ్డలు కుట్టుకో.”

డబ్బిస్తానని ఓఫోసును పిలిపించింది. “తమ్ముడూ, ఒక ఫొటో తీసుకోనీ. మా కంప్యూటరు డాక్టరు ఇతనేనని గోడకు పెట్టుకుంటా,” అంది తియ్యగా. వాడు కాలరు సర్దుకుని పళ్లన్నీ బయటపెట్టాడు.

శుక్రవారం సాయంత్రానికి వాడి పేటలో ఏ గోడ చూసినా వాడి నవ్వే. పైన ‘ఎంత ఘోరం!’ శనివారం పొద్దున్నే మేనత్తలు నల్లబట్టలతో, శోకాలు పెడుతూ దిగారు. తలుపు తీసిన ఓఫోసును చూసి పెద్దత్త అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది. ఆ తర్వాత వాణ్ణి పనికి పిలిచినవాడు లేడు. దయ్యం చేతికి కంప్యూటరు ఎవరిస్తారు?

చివరికి వచ్చి సెర్వా కాళ్ల మీద పడ్డాడు. “తీసెయ్యక్కా! మా అమ్మే నన్ను దూరంగా కూర్చోమంటోంది.”

“ముందు తాళం తియ్యరా.”

తీశాడు. ఎక్కించిన మందూ వాడిచేతే పీకించింది. తెర మీదికి తల్లి ముఖం వచ్చింది. సెర్వా దాన్ని అరచేత్తో నిమిరి, ముందు వేరే చోట ఒక కాపీ దాచుకుంది.

“మరి నా పోస్టర్లు?”

“చచ్చినోళ్ల పోస్టరు చించకూడదురా. మీ అమ్మ చెప్పలేదూ?”

వాడు గుమ్మంలోంచి పైకి చూశాడు. ఎడారి మీంచి వీచే హర్మటాన్ గాలికి వీధంతా పొడిదుమ్ము. మబ్బు తునక లేదు. వానలకింకా నెలలున్నాయి. నా కడుపు చల్లబడింది.