సుక్కమ్మ రేగడి మట్టి

సుక్కమ్మది మర్రిగూడ దిక్కు ఊరు. చేను, ఇల్లు రిజర్వాయరు ముంపులో పోయాక భర్త బక్కయ్యతో జడ్చర్లకు వచ్చి, మా వీధిలో మేడమీద గది కిరాయికి తీసుకుంది. మందుల ఫ్యాక్టరీలో ఊడ్చే పని. ఆటోలోంచి ఆమె మొదట దింపినవి చూసి ఇంటి యజమాని శ్యామలమ్మ నవ్విందట. ఒక సంచినిండా చేని మట్టి, తడిగుడ్డలో చుట్టిన గుండుమల్లె అంటు.

ఆ అంటు వాకిట్లోని చెట్టుది. వాకిలి ఇప్పుడు నీళ్ల కింద ఉంది. ఇది ఎండిపోతే మరొకటి తెచ్చుకునే చోటు లేదు.

రంగుల బకెట్ అడుగున మేకుతో చిల్లులు పొడిచి, నిండా రేగడి మట్టి పోసి నాటింది. పత్తి పండిన మట్టికి ఇంకేమీ కలపక్కర్లేదని ఆమె నమ్మకం. నీళ్లు పోస్తే పైనే నిలిచేవి. ఒక పూట ఎండ తగిలితే మట్టి బకెట్ అంచు వదిలి నెర్రెలిచ్చేది. ఆకులు పసుపెక్కి రాలుతుంటే, నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోసింది.

చివరికి రెండే ఆకులు మిగిలాయి. బకెట్ చంకన పెట్టుకుని హైవే పక్క నర్సరీకి నడిచింది. అక్కడ మట్టి కలిపే లచ్చయ్య వేలితో నొక్కి చూశాడు.

"ఏందక్కా, బకెట్ల పత్తి పెడ్తున్నవా?"

"ఎకరానికి పది క్వింటాళ్లు ఎల్లిన మన్నిది. వంక పెట్టకు."

"మన్నును నేనేమంటలేను. చేన్ల అయితే వేరు ఎంత లోతన్న పోతది. బకెట్ల ఏడికి పోతది? నీళ్లు దిగక మురుగుతాంది."

ఎర్రమట్టి, ఉసికె, చివికిన మేకల ఎరువు కలిపి మళ్లీ నాటమన్నాడు. సుక్కమ్మ కదల్లేదు. తన మట్టి కొంచెమైనా కలుపుకోవచ్చా అని అడిగింది.

లచ్చయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "ఆరు తట్టలకు ఒక్క తట్ట. ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టు. ఎండకాలం జర తడి ఆపుతది."

ఆదివారమంతా రోట్లో గడ్డలు దంచింది. మన్ను దంచుడేంది, కూరల ఏస్తవా అని బక్కయ్య ఎగతాళి చేశాడు గాని, జల్లెడ పట్టింది అతనే. కుళ్లిన వేళ్లు కత్తిరించి, మిగిలిన నాలుగు తెల్ల వేళ్లతో నాటారు.

నెల తిరిగేసరికి కణుపు దగ్గర చిగురు లేచింది. సుక్కమ్మ మరో రెండు ఖాళీ బకెట్లు మేడెక్కిస్తుంటే శ్యామలమ్మ అడ్డం వచ్చింది.

"ఇంక ఎన్ని పెడ్తవమ్మా?"

"సంచిలున్న మన్ను ఒడిసేదాక" అంది సుక్కమ్మ.