తమ్ముడి పేరున ఒక పిడికెడు

మడికొండలో మేముండే అపార్ట్‌మెంటుకు కొత్త బియ్యం బస్తా వచ్చి, దాని మూతి కుట్టు విప్పగానే లేచే తవుడు వాసన నన్ను నర్సంపేట పక్కన మా ఊరి వంటింట్లో, నాయినమ్మ పక్కన నిలబెడుతుంది. ఆమె ఎసరు పెట్టి, బియ్యం చేటలో చెరిగి, రాళ్ళు ఏరి, గిన్నెలో పోసే ముందు ఇంట్లో ఎందరుంటే అన్ని పిడికిళ్ళు తీసి మూలనున్న మట్టికుండలో వేసేది. అవి దేవునివి. ఆదివారం సంచిలో పోసుకుని చర్చికి తీసుకెళ్తే, ఊళ్ళో దిక్కులేని ముసలివాళ్ళకు పంచేవారు. నా పిడికెడు మాత్రం నేనే వేయాలి. వాకిట్లో పత్తి కుప్పలు, ఎండుమిర్చి ఘాటుకు తుమ్ములు, క్రిస్మస్‌కు నెల ముందే నాన్న వెదురుబద్దలతో కట్టే నక్షత్రం, సకినాలు చుడుతూ నాయినమ్మ రాగం తప్పి పాడే కీర్తనలు, ఆ చలికాలాలన్నీ ఇప్పుడు ఒకే రోజుగా గుర్తొస్తాయి.

"అమ్మా, నీ పాటకు దేవుడు చెవులు మూసుకుంటుండు" అనేవాడు నాన్న.

"నీ పాట ఇన్న దినమే మూసుకున్నడు తియ్" అనేది ఆమె.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అలాంటి చలికాలంలోనే తమ్ముడు పుట్టాడు. ఆ రోజే నాయినమ్మ వాడి పేరున ఒక పిడికెడు కలిపింది. తొమ్మిది రోజులకు నాన్న వాణ్ణి దవాఖాన నుంచి తువ్వాలలో చుట్టి తెచ్చాడు. పాతిపెట్టి వచ్చిన మర్నాడు కూడా నాయినమ్మ ఆ పిడికెడు తగ్గించలేదు. అమ్మ చూసింది.

"ఎవలకు తీస్తున్నవత్తమ్మా? పిల్లగాడేడున్నడు?"

"దేవుని దగ్గరున్నడు బిడ్డా. రేపు మనం ఆడికి పోతే, నా పిడికెడేదని అడుగడా?"

అమ్మ ఆ తరువాత నెలల తరబడి చర్చికి రాలేదు. ఆదివారం గంట మోగితే గోడవైపు తిరిగి పడుకునేది.

ఒకసారి నాయినమ్మకు జ్వరం వచ్చి బియ్యం తీయడం నా పనయింది. అమ్మ చూస్తే ఏడుస్తుందని తమ్ముడిది మానేసి నాలుగే వేశాను.

"తమ్మునిదేదే?" వెనక నుంచి అమ్మ.

"నువ్వు ఏడుస్తవని ఎయ్యలేదమ్మా."

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుని, చేటలోంచి ఒక పిడికెడు తీసుకుని చాలాసేపు అలాగే పట్టుకుంది.

"ఏడిస్తే ఏడుస్త. ఎయ్యకుంటెట్ల?" అని కుండలో వదిలింది. ఆ ఆదివారం సంచి తనే మోసింది.

రెండేళ్ళ కిందట ఏడో నెలలో నా కడుపులోనే పాప గుండె ఆగిపోయాక, అమ్మలా నేనూ గోడవైపు తిరిగాను. ఇప్పుడు బాబుకు నాలుగు నెలలు. నిద్రపోయే వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, పది నిమిషాలకు మళ్ళీ చూస్తాను. అలసిపోయాను. పాప మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను, దేవుని దగ్గర కూడా. నాయినమ్మ లేదు. ఆ కుండ ఎప్పుడు పగిలిందో ఎవరికీ గుర్తులేదు. ఇక్కడి చర్చికి కానుక ఫోనులో పంపుతాం. బియ్యం సంచులతో నడిచొచ్చే ఆడవాళ్ళ వరుస ఎక్కడా కనబడదు.

మొన్న బాబుకు టీకా వేయించడానికి వెళ్తే నర్సు కార్డు మీద సమూయేలు అని వాడి పేరు రాస్తూ, "మొదటి కాన్పేనా అక్కా?" అంది.

అవునని అనబోయి ఆగాను. "కాదు, రెండోది. ముందు పాప. దేవుని దగ్గరుంది."

ఆమె పెన్ను ఆగింది. "అయ్యో... ఏం పేరు పెట్టిన్రక్కా?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. మా ఆయనకు కూడా చెప్పని పేరు బయటికి వచ్చింది. "కృప."

భయం తగ్గలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కూడా బాబు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఇంటికొచ్చి, రెండేళ్ళలో మొదటిసారి మోకరించాను. కృప, సమూయేలు అని ఇద్దరి పేర్లూ చెప్పి, ఆమెన్ అన్నాను.