సలీం భాయ్ చెప్పిన అబద్ధం

ఇరవై ఏళ్ల కిందటి మాట. మేం మొఘల్‌పురాలో ఉండేవాళ్లం. డిగ్రీ చదువుతున్న నేను సలీం భాయ్ దుకాణంలో విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నాను. కానీ కార్ల ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకే అది ఆగిపోయేది. సాఫ్ట్‌వేర్ రెండుసార్లు మళ్లీ ఎక్కించినా లాభం లేకపోయింది. కోపంతో దుకాణానికి వెళ్లి, "నకిలీ సామాను అంటగట్టినవ్ భాయ్" అని అందరి ముందు సలీం భాయ్‌తో గొడవపడ్డాను.

ఆయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని నాతో ఇంటికి వచ్చారు. కంప్యూటర్ డబ్బాను ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. దుమ్ము పడకుండా అమ్మ కుట్టి కప్పిన పూల గుడ్డ, వెనక గాలి పోయే రంధ్రాలను మూసేసింది; ఆ వేడికే అది ఆగిపోతోంది. ఆయన దాన్ని మెల్లగా తీసి మడత పెడుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఏమైంది భాయ్, నా గుడ్డతోనే ఖరాబైందా?" అని అమ్మ బెదురుగా అడిగింది.

"లేదమ్మా, వైరు లూజైంది. గుడ్డ మస్తుగుంది. ఆట బంద్ చేసినంక కప్పుండ్రి, చాలు" అన్నారాయన. వైర్లన్నీ గట్టిగానే ఉన్నాయని నాకు తెలుసు.

గుమ్మం దాకా వెళ్లి క్షమించమన్నాను. "నన్నన్నవ్, ఫికర్ లేదు. అమ్మనైతే ఏమనకు" అని ఆయన స్కూటర్ ఎక్కారు.

తర్వాత ఎన్నో కంప్యూటర్లు బాగుచేశాను. తప్పు ఎవరిదో తెలిసినప్పుడు దాన్ని ఎలా చెప్పాలో మాత్రం ఆ రోజే నేర్చుకున్నాను.