దారిచ్చిన వాళ్లనే జైలుకు పంపాను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. హార్బర్లో ముప్పై ఏళ్లు కళాసీ పని చేసినవాణ్ణి, బరువు నాకు కొత్త కాదు. బస్తా అయితే నాలుగడుగులు నడిచి దించేస్తాం. దీన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. చదివే మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పడం తేలిక. రాతలో తప్పులుంటే సర్దుకోండి. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి.

సూటిగా చెప్పేస్తాను. నా మాట వల్ల ముగ్గురు మనుషులు జైలుకెళ్లారు. వాళ్లు చేయని తప్పు వాళ్ల మీద పెట్టాను. ఆ తప్పు నాది.

ఆ రోజు పొద్దున మా ఆవిడ గిన్నెలు తోముతూ, కుడి చెయ్యి తిమ్మిరెక్కిందంది. చెంబు జారి పడింది. మూతి కాస్త పక్కకి పోయినట్టు నాకే అనిపించింది. చూశాను. చూసి కూడా, టీ తాగి కాసేపు పడుకోమని చెప్పి, కంచరపాలెం రైలు కట్ట పక్కనున్న రేకుల షెడ్డులో పేకాటకి పోయాను. రిటైరయ్యాక అదే నా డ్యూటీ. పక్కింటావిడ రెండుసార్లు ఫోన్ చేసింది. ఈ ఆట అవగానే వస్తానన్నాను. ఆట అయింది. ఇంకోటి వేశాం. చివరికి పక్కింటావిడే వచ్చి ముక్కలు లాగి పారేస్తే అప్పుడు లేచాను. మూడు గంటలు గడిచిపోయాయి. ఏమీ కాదులే అని నిజంగానే అనుకున్నానా? లేక ముక్కలు బాగా పడ్డాయని కూర్చున్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా, ఏమీ కాదులే అనుకుంటున్నట్టు నాకు నేనే నటించుకున్నాననే తేలుతోంది.

ఆటోలో పెద్దాసుపత్రికి బయల్దేరాం. ఆవిడ తల నా ఒళ్లో ఉంది. మాట పోయింది గానీ కళ్లు తెరిచే ఉన్నాయి. హార్బరు గేటు రోడ్డెక్కేసరికి లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆటో సందుల్లోంచి దూరి ముందుకు పోయింది. అక్కడ పాతిక ముప్పై మంది రోడ్డుకడ్డంగా తాడు కట్టి కూర్చున్నారు. బొగ్గు కాల్చి కాల్చి భూమి వేడెక్కిపోతోందనీ, సముద్రం ఊళ్లోకి వస్తుందనీ, బొగ్గు లారీలు ఆపాలనీ అట్టల మీద రాసి పట్టుకున్నారు. ఆ రాతలు అప్పుడు నాకు చదవడం రాదు. తర్వాత టీవీలో విన్నాను.

మా ఆటోని చూసి ఒక పిల్ల లేచింది. పాతికేళ్లుంటాయేమో. లోపలికి ఒకసారి తొంగి చూసి, "లెగండి! బేగి లెగండి! లోపల పేషెంటుంది!" అని అరిచింది. అందరూ లేచి పక్కకి జరిగారు. ఆ పిల్ల రెండు చేతులతో తాడు పైకెత్తి పట్టుకుంది. అంతటితో ఊరుకోలేదు. అవతల ఎదురొచ్చి ఇరుక్కున్న లారీల తలుపుల మీద అరచేత్తో కొట్టుకుంటూ, ఒక్కొక్కదాన్నీ పక్కకి తీయించుకుంటూ మా ముందు పరిగెత్తింది. చెప్పు తెగితే అక్కడే వదిలేసింది. సిగ్నలు దాకా వచ్చి, "ఎల్లండి తాతా" అని చెయ్యూపింది. మేం అక్కడ ఆగింది ఎంతసేపు? ఒక బీడీ కాలేంత సేపు కూడా కాదు.

ఆసుపత్రికి మా బావమరిది స్టీలు ప్లాంటు డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చాడు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది వాళ్లక్కే. వాడికి ఆవిడంటే ప్రాణం, కోపమొస్తే మనిషి కాడు.

"ఏటి బావా, ఇంత లేటెందుకయింది? పచ్చవాతం పొద్దున్నే వచ్చిందంటన్నాడు డాక్టరు. నువ్వేటి సేత్తన్నావ్?"

"నానేటి సేస్తానురా? రోడ్డు మీద కూకున్నారు."

"ఎవులు?"

"బొగ్గాపాలన్నోల్లు. తాడు కట్టీసి ఒగ్గలేదు. కాల్లు పట్టుకున్నాను. అయినా ఒగ్గలేదు."

"ఎంతసేపు?"

వాడి బూట్లు చూస్తూ చెప్పాను. "రెండు గంటలు."

కాళ్లు పట్టుకున్నానన్న మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అడక్కుండానే వచ్చింది. భయం వల్ల మొదటి అబద్ధం చెప్పానంటే ఒప్పుకుంటారేమో. ఆ రెండోది ఎందుకు చెప్పినట్టు? జనం జాలిపడితే బాగుంటుందనా?

వాడు వెళ్లి బయటున్న టీవీ వాళ్లకి చెప్పాడు. మైకు నా ముందు పెట్టారు. తర్వాత వాంగ్మూలం రాసి చదివి వినిపిస్తే వేలిముద్ర వేశాను. ఆటోవాడు దారిన పోయేవాడు, మళ్లీ కనబడలేదు, ఎవరూ వెతకలేదు. పక్కింటావిడకి పేకాట సంగతి తెలుసు గానీ రోడ్డు సంగతి తెలియదు. నా మొహం చూసి ఊరుకుంది, తర్వాత కూతురి దగ్గరికి మధురవాడ వెళ్లిపోయింది. రోడ్డు మీద కూర్చున్నందుకైతే జరిమానాతో పోయేదట. ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చారన్నది నా మాటతోనే కేసులో చేరింది. కోర్టులో ప్రమాణం చేసి అదే మాట మళ్లీ చెప్పాను. ఆ పిల్ల బోనులోంచి, "తాతా, తాడెత్తింది నానే కదా!" అంది. మధ్యలో మాట్లాడొద్దని జడ్జిగారు కసిరారు. నన్ను అడిగితే, గుర్తు లేదన్నాను.

ఆ పిల్లకీ, ఆ పిల్లతో కూర్చున్న ఒక లెక్కల మాస్టారికీ, చేపల వేటకెళ్లే కుర్రాడొకడికీ ఏడాది జైలు పడింది.

ఆ సాయంత్రం మా టీ కొట్టు దగ్గర పండగలా ఉంది. "ఏడాదేటి, పదేల్లు ఎయ్యాల! రోడ్డు ఆల్ల బాబుదేటి?" అని ఒకడు. "బొగ్గొద్దంట! ఆల్లింట్లో ఫేను దేంతో తిరుగుతందో అడగండ్రా" అని ఇంకొకడు. మూలన కూర్చున్న దర్జీ ఒక్కడే, "మొన్న ఆ పార్టీవోల్లు రోజంతా అదే రోడ్డు మీద కూకున్నారు. ఆల్లకేటి పడిందిరా? కూకుంటే ఏడాది జైలేటి?" అన్నాడు. వెంటనే నా వైపు చెయ్యి చూపించారు. "ఈ బావని అడిగి సెప్పు ఆ మాట. మంచాన పడ్డ ఆల్లావిడిని సూసొచ్చి సెప్పు." దర్జీ తల దించుకుని టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. అతని మాట న్యాయమైనదని ఆ కొట్టు దగ్గర నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నేను టీ తాగుతూ కూర్చున్నాను.

అన్ని చోట్లా అదే జరిగింది. సీతమ్మధార వైపు కొందరు చదువుకున్నవాళ్లు, శిక్ష మరీ ఎక్కువైందని కొవ్వొత్తులు పట్టుకుని నిలబడితే, మా పేట కుర్రాళ్లు మా ఆవిడ మంచం మీదున్న ఫోటో సెల్లుల్లో తిప్పారు. శిక్ష గురించి ఎవరు నోరు తెరిచినా, ఆ నోటికి వేసే మూత మేమే అయ్యాం.

మేం క్రైస్తవులం. మేలు జరిగితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. పాటలు, ప్రార్థన, మేలు పొందినవాడు లేచి సాక్ష్యం చెప్పడం, ఆ తర్వాత భోజనాలు. శిక్ష పడిన వారమే మా బావమరిది పట్టుబట్టి పెట్టించాడు. నేను లేచాను. నా భార్యని బతికించినందుకు స్తోత్రం అన్నాను. అడ్డుపడిన వాళ్లకి శిక్ష వేయించినందుకు స్తోత్రం అన్నాను. అప్పుడు కుర్చీలో కూర్చోబెట్టిన మా ఆవిడ ఎడం చేత్తో కుర్చీ చెక్క మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆగకుండా కొడుతూనే ఉంది. "సూడండి, అక్క కూడా స్తోత్రం సెప్తంది!" అన్నారెవరో. అందరూ సంతోషంతో చప్పట్లు అందుకున్నారు. ఆ చప్పట్లలో ఆవిడ చప్పుడు కలిసిపోయింది. అది స్తోత్రం కాదని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఆటోలో ఆవిడ అంతా చూసింది.

నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. అంతకు ముందు ఆవిడ బైబిలు వాక్యం చదివితే నేను వినేవాణ్ణి. ఆవిడకి మాట పడిపోయాక ఇంట్లో చదువు ఆగిపోయింది. ఒక రోజు పుస్తకాన్ని ఎడం చేత్తో నా వైపు తోసింది. మనవరాలి పాత పలక తెచ్చుకుని మొదలుపెట్టాను. తప్పు పలికితే మంచం కోడు మీద ఒక దెబ్బ కొట్టేది. ఒప్పయితే ఊరుకునేది. రెండేళ్లలో ఎన్ని వందల దెబ్బలు కొట్టిందో! ఒక్కదాంట్లోనూ విసుగు లేదు. మొగుడు ఎలాంటివాడో తెలిసి కూడా వాడికి అఆలు దిద్దించింది. ఇంతకన్నా పెద్ద మేలు నాకు ఎవరూ చేయలేదు.

పది ఆజ్ఞల దగ్గరికి వచ్చేసరికి, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకొద్దనే వరుస ఎదురైంది. దాన్ని దాటేసి కింది వరుస చదివాను. ఒక దెబ్బ. మొదటినుంచి చదివి మళ్లీ అక్కడే దాటేశాను. మళ్లీ ఒక దెబ్బ. పుస్తకం మూసేసి, మంచం పక్కన నేల మీద కూర్చుని, మొత్తం బయటికి చెప్పాను. పేకాట దగ్గర్నుంచి కోర్టు దాకా. ఆవిడ నన్ను ఓదార్చలేదు. తల కూడా ఊపలేదు. పలక నా ఒళ్లో పడేసింది. రాయమని.

రాయడానికి నెల పట్టింది. ముందు బావమరిదికి చదివి వినిపించాను. టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ ముగ్గురూ నాలుగు నెలలు జైల్లో ఉండి, బెయిలు మీద వచ్చి, పైకోర్టులో ఇంకా తిరుగుతున్నారు. పోయిన వారం ఆ కాగితం పట్టుకుని సీతమ్మధారలో వాళ్ల ప్లీడరు దగ్గరికి వెళ్లాను. ఆయన రెండుసార్లు చదివాడు. దీంతో నా మీదే కేసవుతుందన్నాడు. తెలుసన్నాను. అప్పీలులో పనికొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఆ పిల్లకి వచ్చిన ఉద్యోగం ఈ శిక్ష వల్ల పోయిందని కూడా చెప్పాడు. ఒక్కసారి చూడొచ్చా అని అడిగాను. లోపలికెళ్లి ఫోన్ చేసి వచ్చి, "వద్దంటోందండీ" అన్నాడు. నన్ను చూడాల్సిన అవసరం ఆ పిల్లకేముంది?

చూడకపోయినా, అమ్మా, ఒక సంగతి నీకు చెప్పాలి. ఇంకో అరగంట ఆలస్యమైతే మా ఆవిడ దక్కేది కాదని డాక్టరు ఆ రోజే అన్నాడు. ఆ అరగంట నువ్విచ్చావు. ఈ ఆరేళ్లూ ఆవిడ ఉంది. పొద్దున్నే జడ వెయ్యమని నా భుజం పొడుస్తుంది. కూరలో ఉప్పు తక్కువైతే కంచం తోసేస్తుంది. మనవరాలు ముద్దు పెడితే సగం మూతితో నవ్వుతుంది. బొగ్గు గురించి మీరన్నది ఎంతవరకు నిజమో నాకు పూర్తిగా తెలియదు, నేను బొగ్గు దించి పిల్లల్ని పెంచినవాణ్ణి. మా కిటికీ తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుందని తెలుసు. నువ్వు చెప్పు వదిలేసి పరిగెత్తావని తెలుసు. నీకు దండం. నువ్వు నన్ను క్షమించాలని అడగను.

ప్లీడరు గారి మెట్లు దిగి బస్సెక్కాను. కూర్చోవడానికి చోటు దొరికింది. మా కంచరపాలెం ఎప్పుడు దాటిపోయిందో తెలియదు, కండక్టరు భుజం తట్టి లేపితే మూడు స్టాపుల అవతల దిగాను. మిట్ట మధ్యాహ్నం ఎండ. వెనక్కి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. ప్రాణానికి హాయిగా ఉంది. నాలాంటివాడికి అలా ఉండొచ్చో లేదో తెలియదు. కానీ ఉంది.