త్యాగరాజు మాస్టారి ఖాళీ చెంబు

ప్రత్తిపాడు హైస్కూల్లో త్యాగరాజు మాస్టారు లెక్కలు చెప్పేవారు. ఆయన తరగతిలో ఒక్కసారి అరిస్తే కల్లాల్లో ఎండుతున్న మిరపకాయలు భయంతో తొడిమలు వదిలేసేవి. ఎనభై నాలుగులో గుంటూరు డాక్టరు ఆయన జబ్బకు పట్టీ చుట్టి గాలి కొడితే, పాదరసం గొట్టం కొసదాకా పాకి, ఇంకెటు పోవాలో తెలియక డాక్టరు వంక చూసిందట.

"బీపీ! రోజూ పొద్దున్నే గబగబా నడవండి. కోపం తగ్గించండి. ఉప్పు, పచ్చళ్ళు బంద్. నెల తర్వాత తగ్గి ఉంటే అప్పుడు చూద్దాం," అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రమే మాస్టారి భార్య రాజరాజేశ్వరి ఆవకాయ జాడీని అటకెక్కించింది. ఆవకాయ లేని అన్నం ఆయన నోటికి సున్నం ముద్దలా తగిలింది. ఎలాగైనా జాడీని కిందికి దించాలని మర్నాడే నడక మొదలుపెట్టారు.

ఊరు దాటకముందే పక్కన ఎద్దుల బండి ఆగింది. తోలుతున్నది పాత శిష్యుడు అల్లాబక్షు.

"ఎక్కడికి మాస్టారూ, కాలినడకన?"

"ఎక్కడికీ లేదురా. ఊరికే నడుస్తున్నా."

"ఊరికే ఎవరైనా నడుస్తారా అండీ? ఎక్కండెక్కండి. నా బండి ఉండగా మీరు నడిస్తే నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు!"

రెక్క పట్టుకుని పత్తి బోరేల మీద కూర్చోబెట్టాడు. మర్నాడు ట్రాక్టరు. ఆ మర్నాడు పాలవాడి సైకిలు. వద్దంటే "మా బండి మీకు పనికిరాదా?" అని నిష్ఠూరం. మాస్టారు పెళ్ళాంతో పోట్లాడి ఇల్లు విడిచి పోతున్నారని పుకారు కూడా. నడుద్దామని బయల్దేరిన మనిషి బళ్ళెక్కి తిరగడమేమిటని ఆయనకు కోపం. ఆ కోపానికి మెడ నరాలు డప్పు కొట్టేవి.

ఒకరోజు అలాగే బండి మీద ఊరేగుతూ, చెంబుతో తుమ్మచెట్ల చాటుకు పోతున్న రైతు పేరయ్యను చూశారు. అల్లాబక్షు బండి ఆపలేదు. పలకరించనూ లేదు. తల అటు తిప్పేసుకున్నాడు!

మర్నాటి నుంచి మాస్టారి చేతిలో ఖాళీ చెంబు. డాక్టరు చెప్పినట్టు గబగబా, ఒక్కోనాడు పరుగులాంటి నడకతో వెళ్ళేవారు. బళ్ళు పక్కకు తప్పుకుని మరీ దారిచ్చాయి.

నెల తిరిగింది. పాదరసం బుద్ధిగా సగంలోనే ఆగింది. "భేష్! ఆదివారం ఒక్క ముక్క తినండి," అన్నాడు డాక్టరు.

మాస్టారు బస్సు దిగి ఎగురుకుంటూ ఇంటికొచ్చారు. అరుగు మీద ఒక ముంతెడు పెరుగు, బుట్టెడు దానిమ్మకాయలు ఉన్నాయి. అల్లాబక్షు పంపాడట.

"జాడీ దించవే!"

"ఆవకాయా?" రాజరాజేశ్వరి గుండె మీద చెయ్యి వేసుకుంది. "పొద్దున్నే చెంబు పట్టుకుని పరుగులు పెడుతున్నారని ఊరంతా కోడై కూస్తోంది. నాకొక్కదానికే చెప్పలేదు. ఆ పాడు కడుపు కట్టుకునేదాకా పెరుగన్నమే!"

"నా కడుపు రాయిలా ఉందే! అది ఖాళీ చెంబు!"

ఆవిడ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"రామ రామ! ఖాళీ చెంబుతో వెళ్ళొచ్చారా అండీ, ఇన్నాళ్ళూ?"

మాస్టారి మెడలో డప్పు మళ్ళీ మొదలైంది. కోపం దిగాలంటే నడవాలి. నడవాలంటే చెంబు ఉండాలి. పళ్ళు నూరుకుంటూ దాన్ని అందుకుని గడప దాటారు.

"మళ్ళీనా!" అంది ఆవిడ, అటక నిచ్చెన తీసి దొడ్లో దాచేస్తూ.