వయ్యారిభామ మీదికి పన్నెండు నాజిళ్లు

నా డైరీలో రెండు పత్తి ఆకులు ఉన్నాయి. నెమలీకలు దాచుకునే వయసు దాటిపోయాక దాచినవి. కప్ప కాలివేళ్లలా సన్నగా సాగి, వంకర తిరిగి ఉంటాయి. వాటి పక్కనే ఒక తెల్లటి దారప్పోగు. అవి ఎక్కడివో, ఎందుకు దాచానో ఇప్పటిదాకా ఎవ్వరికీ చెప్పలేదు. బాపుకు చెప్పలేదు, అవ్వకు చెప్పలేదు, మా ఆరు బర్రెలకు కూడా చెప్పలేదు. మిగతా సంగతులన్నీ నేను బర్రెలకు చెప్తాను.

మాది కోరుట్ల దగ్గరి ఊరు; మా దిక్కు నాన్నను బాపని, అమ్మను అవ్వని అంటాం. బాపు కల్లుగీతకు తాళ్లెక్కుడు మానేసినంక పాత ట్రాక్టరొకటి కొని, బర్రెలు పెట్టాడు. వాటి మేతకు రెండెకరాల గడ్డి చెలక ఉంది. పోయిన వానకాలం ఆ చెలకలో గడ్డి కంటే వయ్యారిభామే ఎక్కువ మొలిచింది. ఆ మొక్కకు అంత అందమైన పేరు పెట్టినవాళ్లు పాడి చేసినవాళ్లయి ఉండరు. బర్రె దాన్ని మేస్తే పాలు చేదెక్కుతాయి. పాల కేంద్రం ఆయన వరసగా మూడు రోజులు మా క్యాను మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టి వెనక్కిచ్చాడు.

మూడో రోజు బాపు ఆ క్యాను వాకిట్లో దించి, "దసరా దాకా చూస్త. గడ్డి రాకుంటే బర్రెల అమ్మేసుడే" అన్నాడు.

చేత్తో పీకితే అవ్వకు మోచేతుల దాకా దద్దుర్లు వచ్చాయి. వీపు పంపుతో మందు కొడితే ఒకచోట రెండుసార్లు పడింది, ఇంకోచోట అసలు పడలేదు. ట్రాక్టరు వెనక తగిలించుకునే స్ప్రేయర్ కొందామని బాపు అన్నాడు. ఏది కొనాలో చూసే పని నాకు అప్పజెప్పాడు. ఇంట్లో ఇష్టంగా చదివేదాన్ని నేనొక్కదాన్నే, అది ఏ కాగితమైనా సరే.

అసలు చిక్కు గట్టు అవతల ఉంది. మేము కొట్టబోయే మందు గడ్డిని వదిలేసి వెడల్పాకుల మొక్కల్ని చంపుతుంది. పత్తిది కూడా వెడల్పాకే. గట్టు అవతల ఒక పెద్దమ్మ ఎకరం పత్తి పెట్టింది. మాకు చుట్టం కాదు, ఊరంతా ఆమెను పెద్దమ్మనే అంటారు. ఒక ఏడు ఎవరో కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చి ఆమె పత్తంతా పాడైందట. మేము స్ప్రేయర్ కొంటున్నామని విని మా వాకిట్లోకి వచ్చింది.

"మీ గడ్డి మీ ఇష్టం. నా పత్తి మీద చుక్క పడ్డదనుకో, మీ బర్రెలన్ని తోలుకపోయి మా కొట్టంల కట్టేసుకుంట" అని బాపుతో చెప్పి, నా వైపు చూసింది. "గీ పిల్లకు మాటలు రావా?"

వస్తాయి. కాకపోతే కాగితం మీద వస్తాయి. ఆ వారమంతా దొరికిన పుస్తకమల్లా చదివాను. సన్నటి తుంపర గాలికి పోతుందని, లావు చుక్క ఉన్నచోటే పడుతుందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం. పురుగుమందుకు వాడే నాజిల్ గుండ్రంగా మంచులా చిమ్ముతుంది. కలుపుమందుకు చదునుగా విసనకర్రలా విచ్చుకునేది కావాలి. ఇంత గొప్ప సంగతి తెలుసుకుని కూడా నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. కొట్టంలోకి పోయి బర్రెలకు చెప్పాను.

ముందు కోరుట్లలో ఒక దుకాణానికి పోయాం. అక్కడాయన నీళ్లు పోసి చూపించి, "చూడుర్రి, మంచు లెక్క పడ్తది" అని మురిసిపోయాడు. ఆ మంచు మెల్లగా లేచి రోడ్డు దాటి, ఎదురుగా మిర్చిబజ్జీలు వేస్తున్నామె మీదికి పోయింది. నేను బాపు అంగీ పట్టుకుని లాగాను. బయటికొచ్చాం.

జగిత్యాల దుకాణానికి పోయేటప్పుడు ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని పోయి, మా వంతు రాగానే బాపు చేతిలో పెట్టాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని పరీక్షాధికారిలా చదివాడు. మా పాత ట్రాక్టరు ఎంత బరువు లేపుతుంది, దానికి ఎన్ని లీటర్ల ట్యాంకు సరిపోతుంది, ఒత్తిడి చూపే మీటరు ఉందా, నాజిల్ అరిగితే విడిగా దొరుకుతుందా, పంపు ఆపాక చుక్కలు కారకుండా ప్రతి నాజిల్ దగ్గర రబ్బరు బిళ్ల ఉందా. దుకాణాయన ఒక్కోదానికి ఓపికగా జవాబిచ్చాడు. పెద్ద ట్యాంకు వద్దని, అది నింపితే మా ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయని ఆయనే చెప్పాడు.

అంతా బాగానే నడుస్తుంటే బాపు కాగితం తిప్పాడు. వెనకవైపు నేను దుకాణంలో వంతు కోసం కూర్చున్నప్పుడు ఊరికే రాసుకున్నదొకటి ఉంది. దాన్ని కూడా అదే గొంతుతో చదివాడు. "దుకాణాయన మీసం చదును నాజిల్ లెక్కనే రెండు దిక్కుల సమానంగ విచ్చుకున్నది." ఆగి, నా వైపు తిరిగాడు. "గిదేం ప్రశ్న బిడ్డా?"

నేల చీలితే బాగుండుననుకున్నాను. దుకాణాయన మీసం రెండు కొసలూ తడిమి చూసుకున్నాడు.

"రెండు దిక్కుల సమానమే గని, జర ఎడమ దిక్కు అరిగింది. దీనికి స్పేర్ దొరకది" అన్నాడు.

ఆయన దగ్గరే కొన్నాం. రెండు పక్కలా రెక్కల్లా విచ్చుకునే పైపు, దానికి పన్నెండు నాజిళ్లు.

కొత్తవైనా నాజిళ్లు అన్నీ సమంగా పడుతున్నాయో లేదో చూడాలని పుస్తకంలో ఉంది. ఎట్లా చూడాలన్నది మాత్రం నా బుర్రలో పుట్టింది. సిరిసిల్లలో మా చిన్నమ్మ మరమగ్గాల షెడ్డులో పని చేస్తుంది. బస్సెక్కి, వేములవాడలో మారి, ఆమె దగ్గరికి పోయి, నేతలో తప్పు పడి పక్కన పడేసిన తెల్లబట్ట అడిగాను.

"ఎంత గావాలె?"

"స్ప్రేయర్ రెక్కలంత పొడుగు, చిన్నమ్మా."

"చీరలు కట్టే ఈడుల మిషిన్లకు బట్టలడుగుతున్నవ్" అంటూనే అడిగినదానికంటే ఎక్కువే చుట్టి ఇచ్చింది.

ఆ బట్టను చెలకలో నాజిళ్ల కింద పొడుగ్గా పరిచాం. ట్యాంకులో నీళ్లు పోసి, బట్టలకు పెట్టే నీలం కలిపాం. బాపు పంపు ఇట్లా తెరిచి అట్లా మూశాడు. బట్ట మీద ఆకాశం దిగింది. అంతా ఒకటే నీలం, ఏడో నాజిల్ కింద మాత్రం తెల్లటి చార. విప్పి చూస్తే అందులో ప్లాస్టిక్ పొట్టు ఉంది. పిన్నుతో పొడిస్తే రంధ్రం పాడవుతుందని మెత్తటి బ్రష్షుతో తోమాను. రెండోసారి పరిచిన ముక్క మీద చార లేదు. నేను, అవ్వ ఆ తడిబట్టను చెరోపక్క పట్టుకుని చెలకంతా పరిగెత్తాం. ఎందుకు పరిగెత్తామో ఇద్దరికీ తెలియదు. గట్టు మీద కూర్చున్న పెద్దమ్మ అంతా చూస్తూనే ఉంది.

మందు కొట్టే రోజు పొద్దు పొడవకముందే లేచాం. మిగిలిన తెల్లబట్టలో ఒక పేలిక చించి కర్రకు కట్టి గట్టు మీద పాతాను. అది కదలనంత సేపే పని. ఇంకో ముక్క మడతపెట్టి, ట్యాంకులో పోసే నీళ్లను వడగట్టాను. బాపు ముక్కుకు గుడ్డ కట్టుకుని, గట్టు పక్కన కొంత జాగా వదిలి, నెమ్మదిగా నడిపాడు. నేను దూరంగా నిలబడి పేలికను చూశాను. అది ఒక్కసారి కూడా ఊగలేదు. బర్రెల్ని, డబ్బా మీద రాసినన్ని రోజులూ చెలకలోకి తోలకుండా ఇంటి దగ్గరే కట్టేశాం.

నాలుగు రోజులకు వయ్యారిభామలన్నీ మెడలు తిప్పుకున్నాయి. నేను ఒక్కదాన్నే చెలకలో తిరుగుతూ, వాటికి పేరుపేరునా సెలవు చెప్తూ, గట్టు మూలకు వచ్చాను. ట్రాక్టరు తిరిగిన మూల అది. గట్టు అవతల మొదటి పత్తి మొక్కకు రెండు ఆకులు మందు సోకి కప్ప కాళ్లయ్యాయి.

మా బర్రెలు పెద్దమ్మ కొట్టంలో కట్టేసి ఉన్నట్టు కళ్లముందు కనపడింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరనుకున్నాను. రెండాకులూ తెంపి డైరీలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

వచ్చీ రాగానే చివరి నాజిల్ విప్పాను. రబ్బరు బిళ్ల కింద ఒక దారప్పోగు ఇరుక్కుని ఉంది. సిరిసిల్ల దారం. నేను నీళ్లు వడగట్టిన బట్టకు అంచు కుట్టలేదు. దాని నుంచి ఊడిన పోగు ట్యాంకు మూతి దగ్గరి జల్లెడ దాటి వచ్చి, బిళ్లను సరిగ్గా మూసుకోనియ్యలేదు. పంపు ఆపి తిరిగేటప్పుడు ఆ మూలలో చుక్కలు కారాయి. గాలి చేసింది కాదు, బాపు చేసింది కాదు. నేను చేసింది.

ఆ సాయంత్రం వడగట్టే బట్టకు నాలుగు పక్కలా అంచు కుట్టాను. పన్నెండు బిళ్లలూ కడిగాను. కొట్టిన రోజే మూడుసార్లు కడిగిన ట్యాంకును మళ్లీ కడిగాను. అవ్వ చూసి, "బర్రెలను గూడ గిట్ల కడుగరాదు" అంది. ప్రతి పొద్దు ఆ పత్తి మొక్క దగ్గరికి పోయి, చూడనట్టు చూసి వచ్చేదాన్ని. పది పన్నెండు రోజులకు దానికి మామూలు చిగురు వచ్చింది. మా చెలకలో గడ్డి లేచింది. దసరాకు ఇంకా ఎన్నో రోజులుండగానే పాల కేంద్రం ఆయన క్యాను వాసన చూసి, మళ్లీ మూత పెట్టకుండా పాలు వంచుకున్నాడు. బాపు ఇంటికొచ్చి బర్రెల అమ్మకం మాట ఎత్తకుండా, వాటి కొమ్ములకు నూనె రాశాడు. నీలం బట్టతో అవ్వ దిండు గలీబులు కుట్టింది. నేను ఏడో నాజిల్ చార మీద తల పెట్టి పడుకుంటాను.

ఆకుల సంగతి మాత్రం డైరీలోనే ఉండిపోయింది. ఒకరోజు ధైర్యం చేసి, డైరీ కొంగు కింద పెట్టుకుని గట్టు దాకా పోయాను. పెద్దమ్మ పత్తిలో కలుపు తీస్తోంది. నిలబడ్డాను. డైరీని కొంగులోకి ఇంకా లోపలికి తోశాను. ఆమె నడుం ఎత్తి, కొడవలి భుజాన వేసుకుని, నా కొంగు వైపు చూసింది.

"మా దిక్కు గట్టు పొంటి గూడ గా వయ్యారిభామే ఉన్నది. రేపు గాలి లేవకముందే మీ బాపును తోలుకొని రా బిడ్డా. అచ్చేటప్పుడు నా ఆకులు గూడ పట్టుకరా, గా మూల చెట్టుకు రెండు తక్కువున్నయి."