ఊపిరి ఆగిన చోట కామా

ఈరోజు పొద్దున క్లాసులో ఒకామె నత్తిని అందరి ముందూ అనుకరించాను. ఆమెకు నత్తి ఉందని నాకు తెలియదు. కానీ కొన్ని వారాలుగా నా ఎదురుగా కూర్చుంటున్న మనిషి గొంతు ఒక్కసారైనా విన్నానా అని ఆలోచించకపోవడం నా తప్పే.

అబిడ్స్‌లో ఒక చెప్పుల షాపు పైన ఇంగ్లీషు రాయడం నేర్పుతాను. ముప్పై దాటిన ఈమె నాంపల్లిలో బట్టల కొట్టులో పనిచేస్తుంది. రేపు పొద్దున ఒక కొరియర్ ఆఫీసులో ఆమెకు పరీక్ష. కస్టమర్లకు మెయిళ్లు రాసే ఉద్యోగం. అందుకోసం రాసి తెచ్చిన మెయిలు నా చేతిలో పెట్టింది.

ఒకటి రెండు మాటలకోసారి కామా. చిరాకేసింది. కామా కనపడ్డ చోటల్లా ఆగుతూ గట్టిగా చదివాను. "యువర్, పార్సెల్ విల్, రీచ్, టుమారో."

"సార్, పార్సెల్ అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌ల ఇరుక్కున్నట్టుంది," అన్నాడు ముందు వరుసలో ఒకతను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఎందుకమ్మా ఇన్ని కామాలు? లేచి చెప్పండి," అన్నాను.

ఆమె లేచింది. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగింది, మళ్లీ ఆగింది. మెడ నరాలు బిగిశాయి. నేను చదివిన తీరు, ఆమె మాట్లాడబోయిన తీరు ఒకటేనని గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. ఆమె బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది. కాగితం నా చేతిలోనే ఉండిపోయింది.

వెంటనే వెళ్లాల్సింది. వెళ్లలేదు. మిగతా క్లాసంతా కోలన్ గురించి చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

మధ్యాహ్నం ఆ కొట్టు వెతుక్కుంటూ వెళ్లాను. "ఏం జూపాలె సార్, లైనింగ్ గుడ్డనా, చీర ఫాల్సా?" అంది గల్లా దగ్గరున్న పెద్దావిడ. నా విద్యార్థిని లోపల బల్ల మీద గుడ్డ కొలుస్తోంది. నన్ను చూసి కూడా కొలవడం ఆపలేదు.

"తప్పు చేశాను. క్షమించండి," అన్నాను.

కొలిచిన గుడ్డ మడిచి పక్కన పెట్టి మాట్లాడింది. ఎక్కడెక్కడ ఆగిందో ఇక్కడ రాయను.

"మీరే చెప్పిన్రు గద సార్, ఊపిరి ఆగిన కాడ కామా పెట్టుమని. నాకు గాడ్నే ఆగుతది. ఫోన్ల మాట్లాడే పని కాదనే దీనికి పెట్టుకున్న. రాస్తే ఎవ్వరికి తెల్వదనుకున్న. గాడ గూడ దొరికిపోయిన. రేపు పోను."

నిజమే, నేనే చెప్పాను. ఎప్పుడో ఎవరో నాకు చెప్పిన సులువు మాట అది. సరైనదో కాదో చూసుకోకుండా ఏళ్లుగా అందరికీ చెప్తున్నాను. కామా ఊపిరిని బట్టి పెట్టేది కాదని, అర్థాన్ని బట్టి పెట్టేదని, ఎవరు ఎలా మాట్లాడినా దాని చోటు మారదని ఆమెకు చెప్పాను.

"నాకొక్కదానికి జెప్తే ఏం లాభం? నవ్విన్రు గద, వాళ్లకు చెప్పుండ్రి."

"ఔ సార్," అంది పెద్దావిడ నన్నే చూస్తూ. "గీడ నిలబడే చెప్పుండ్రి. మేం గూడ వింటం."

ఫోను తీసి క్లాసు గ్రూపుకు నా మాటలు రికార్డు చేసి పంపాను. ఊపిరి లెక్క తప్పని, అది నేర్పింది నేనేనని, ఆమె నేను చెప్పినట్టే చేసిందని, పొద్దున నేను చదివిన తీరు నీచమని చెప్పాను. రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

నేను వెంట తెచ్చిన కాగితం ఆమె అందుకుని బల్ల మీద పరిచింది. ఒక్కో కామా మీద వేలు పెట్టి, ఉంచాలా తీసెయ్యాలా అన్నట్టు నా వైపు చూసింది. చివరికి "డియర్ కస్టమర్" పక్కన ఉన్నది ఒక్కటే మిగిలింది. ఆ మెయిలు మళ్లీ గట్టిగా చదివాను, ఈసారి ఆగాల్సిన చోట మాత్రమే ఆగుతూ.

"పోయిన వారం జెప్పిన సెమికోలన్ మల్లోసారి చెప్పుండ్రి," అంది. "రేపు పరీక్షల అడిగితే?"

స్టూలు లాక్కుని కూర్చున్నాను. రెండు పూర్తి వాక్యాలు ఒకే సంగతి చెప్తుంటే, అని మొదలుపెట్టాను. గిరాకీ వచ్చినప్పుడల్లా పక్కకు జరుగుతూ, కొట్టు మూసేదాకా అక్కడే ఉన్నాను.